నాలుగు ముడుల ఎర్రదారం

మా చెల్లెలి కొడుకు గల్ఫ్‌లో ఒక పెద్ద విమాన సంస్థలో పని చేస్తాడు. ఏ విమానానికి ఏ విడిభాగం ఎప్పుడు మార్చాలో చూసే ఉద్యోగం. మొన్న ఫోన్ చేశాడు. మా బర్మాలో, ఈ యాంగోన్ ఊళ్లో ఇప్పుడు కరెంటు ఉండగా, నెట్టు ఉండగా, ఇంట్లో మనిషి ఉండగా ఫోన్ మోగిందంటే ఆ రోజు మంచి రోజన్నమాట. పొయ్యి మీద పులుసు మాడితే మాడిందిలే అని తీరిగ్గా కూర్చున్నాను.

"పెద్దమ్మా, మా రెండంతస్తుల విమానాలు లేవూ, వాటిని ఇప్పుడప్పుడే రిటైర్ చెయ్యట్లేదు," అన్నాడు. వాటి పని అయిపోయిందనే అనుకున్నారట అందరూ. కరోనా రోజుల్లో ఎడారిలో వరసగా నిలబెట్టేశారట. తీరా చూస్తే కొత్త విమానాలు చెప్పిన వేళకి రావడం లేదు, అంత పెద్దవి ఇక ఎవరూ తయారు చెయ్యడమూ లేదు. అందుకని ఉన్నవాటికే ఆయుష్షు పొడిగిస్తున్నారు. "రెండింటిని పక్కన పెట్టేశాం. వాటిలోంచి భాగాలు తీసి మిగతావాటికి వేస్తాం. ఒక్కో భాగానికి వయసు వేరే, పెద్దమ్మా. అది ఏ విమానానికి పోతే వయసు కూడా దాని వెంటే పోతుంది. చాలా కొత్త ప్లానింగ్."

నాకు నవ్వాగలేదు. "కొత్తా? ఒరే, నువ్వు పుట్టకముందే మన పజుండౌంగ్ పేట మనిషొకాయన ఎర్రదారంతో చేశాడురా ఈ పని!"

"దారంతోనా?" అన్నాడు వాడు. అంతే, కరెంటు పోయింది. నెట్టూ పోయింది. పులుసు కూడా మాడింది. నేను మాత్రం ఆ చీకటి వంటింట్లో ఆయనతో మిగిలిపోయాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసి ఉన్న చోట ఆ పేరు పక్కన ఒక తప్పు కూడా రాసి ఉంది. ఆ తప్పు ఆ కాగితం మీద ఉన్నన్నాళ్లూ పేరు ఎత్తే హక్కు నాకు లేదు. విమానాల షెడ్డులో బర్మీయులందరూ ఆయన్ని 'సయా' అనేవారు. పనిలో గురువు లాంటి వాణ్ణి అలా పిలుస్తారు. నేను మావయ్యా అనేదాన్ని. మాకు చుట్టరికమేమీ లేదు. వాళ్ల తాతా మా తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో వచ్చి బోటాటౌంగ్ రేవులో దిగారట, ఆ మాత్రం చాలు కదా వరస కలవడానికి.

అప్పట్లో మా దేశానికి బయటి నుంచి గుండుసూది రావాలన్నా గగనం. తలుపులన్నీ మూసుకుని కూర్చున్న దేశం మాది. ఊళ్లో తిరిగే బస్సులు యుద్ధం నాటి లారీలకి చెక్క పెట్టెలు బిగించినవి, డ్రైవర్ కంటే బస్సుకే వయసెక్కువ. అలాంటి ఊళ్లో విమానాలు నడపడమంటే మాటలా? ఆయనా నేనూ పనిచేసిన ప్రభుత్వ విమాన సంస్థకి ఉన్నవి కొద్దిపాటి రెక్కపంకాల విమానాలు. వాటిలో ఒకటి పూర్తిగా కూర్చుండిపోయింది. షెడ్డు చివర గడ్డిలో ఉండేది. మిగతావాళ్లు దాన్ని 'చచ్చినది' అనేవారు. ఆయన ముందు ఆ మాట అన్నవాడి పని అయిపోయినట్టే.

"సచ్చినది ఏటిరా? అత్తగారు! ఇంటికి ఏటి కావాలన్నా అత్తగారే ఇస్తాది. నోరు కడుక్కుని రా," అనేవాడు.

దాన్లోంచి ఏ భాగం విప్పాలన్నా ముందు వెళ్లి దాని ముక్కు మీద అరచెయ్యి వేసేవాడు. "అత్తా, మరొక్కటి ఇవ్వు తల్లీ. కోడలికి ఒంట్లో బాగునేదు," అని బతిమాలేవాడు. కింద నిలబడ్డ బర్మా కుర్రవాళ్లకి తెలుగు ముక్క రాదు గానీ, ఆ పూజ అయ్యేదాకా పానాలు పట్టుకుని భక్తిగా నిలబడేవాళ్లు. మంత్రం అనుకునేవాళ్లు పాపం.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్. దాని మొనని ఇంజిన్‌కి ఆనించి, చెక్క పిడిని చెవి పక్కన పెట్టుకుని వినేవాడు. నూనెని వేలికి రాసుకుని వాసన చూసేవాడు. కళ్లజోడు ఒక కాడ విరిగితే విమానాల్లో బోల్టులు బిగించి కట్టే తీగతో కట్టుకున్నాడు. కాళ్లకి చెప్పులు విమానం టైరు కోసి కుట్టినవి. "ఈటికి ఇంకా దిగడం ఉన్నాది గానీ ఎగరడం నేదు," అని వాటిని చూపించి నవ్వేవాడు. ఇంట్లో అత్తయ్య తల కొట్టుకునేది. "ఏదీ పారేయనివ్వడే అమ్మా. నన్నూ అందుకే ఉంచుకున్నాడు," అనేది.

మనుషుల్ని కూడా విమానాల్లాగే తిరిగిన గంటల్లో కొలిచేవాడు. నాకు పెళ్లిచూపులు జరిగినప్పుడు మా నాన్న రమ్మన్నాడని వచ్చి, పెళ్లికొడుకుని ఎగాదిగా చూసి, "ఇంతవరకూ ఎన్ని గంటలు తిరిగాడు? మొత్తం విప్పి బిగించే ఓవరాల్ అయ్యిందా?" అని అడిగాడు. పెళ్లికొడుకు తల్లి మొహం మాడిపోయింది. మా నాన్న గుటకలు మింగాడు. ఆ అబ్బాయి మాత్రం పకపకా నవ్వాడు, అందుకే నేను ఒప్పుకున్నాను. ఇప్పటికీ మా ఆయనకి మోకాలు నొప్పి వస్తే 'ఓవరాల్ వేళయింది' అంటాడు.

నేను అక్కడే రికార్డుల గదిలో గుమాస్తాని. ప్రతి భాగానికీ ఒక కార్డు. అది ఏ విమానం మీద ఎన్ని గంటలు తిరిగిందో రాయాలి, కొత్తవి పాతవాటికి కూడుతూ పోవాలి, దానికి చెప్పిన గంటలు నిండితే దాన్ని దింపెయ్యాలి. అంతకంటే ఏమీ లేదు. మొదటి రోజు నాకు పని నేర్పింది మా గుమాస్తాలు కాదు, ఆయన. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఇనుకో తల్లీ. తప్పు రాసీసినావనుకో, సెరపకు. రబ్బరు ఎట్టకు, బ్లేడుతో గీకకు. ఒక్క గీత కొట్టు. కింద తప్పు కనపడతానే ఉండాల. పక్కన సరైంది రాసి, నీ సంతకం ఎట్టు. తప్పు కనపడితే ఎవులూ సావరు. దాసేస్తేనే సస్తారు."

మా కార్డుల మీద ఆయనకి సగమే నమ్మకం. వానాకాలం మాది మామూలు వానాకాలం కాదు, కాగితం బూజు పట్టేది, సిరా పాకేది. అందుకని ఆయన పద్ధతి ఆయనకుండేది. వాళ్ల తాత రేవులో మూటలు మోసిన మనిషి, అక్షరం రాదు. ఏ మూట ఎన్ని చేతులు మారిందో దారానికి ముడి వేసి గుర్తు పెట్టుకునేవాడట. ఈయనా అంతే. ముఖ్యమైన ప్రతి భాగానికీ పేరు చెక్కిన రేకుబిళ్ల, దానికో ఎర్రదారం. భాగం విమానం ఎక్కితే బిళ్ల ఆయన బల్ల వెనక మేకు ఎక్కేది. ఒక విమానం నుంచి దిగినప్పుడల్లా దారానికి ఒక ముడి. ఆఫీసువాళ్లు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. దారం మాత్రం మానలేదు.

తర్వాత ఆ సంవత్సరం వచ్చింది. సైన్యం పాలన పోవాలని ఊరంతా వీధుల్లోకి వచ్చేసింది. విద్యార్థులు, రేవు కూలీలు, నర్సులు, చివరికి మేమూ. రికార్డుల గదికి తాళం కూడా వెయ్యకుండా బయటికి నడిచాం. నేను, నా పక్క బల్ల అమ్మాయి, చేతులు పట్టుకుని పజుండౌంగ్ దాకా నినాదాలిస్తూ నడిచాం. నా బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ నడవలేదు, నిజం చెబుతున్నాను.

ఆయన మాత్రం సమ్మెలో లేడు, పనిలోనూ లేడు. బస్సుల్లేకపోతే పొద్దున్నే నడుచుకుంటూ షెడ్డుకి వెళ్లేవాడు, అంత దూరం! ఒక్కో విమానం పంకానీ చేత్తో తిప్పేవాడు, పట్టెయ్యకుండా. చక్రాలు కొంచెం జరిపేవాడు. టాంకుల అడుగున చేరిన నీళ్లు వదిలేవాడు. మావాళ్లకి మండింది. నేనే వెళ్లి అడిగాను, "ఏం మావయ్యా, మేమంతా ఎండలో అరుస్తుంటే నువ్వు వాళ్ల విమానాలు తుడుస్తున్నావా?" అని.

"ఆలవేటి?" అన్నాడు. "ఇమానాలకి సమ్మె తెలుసేటే గుంటా? రేపు మీరు గెలిస్తే మీకు ఎగరడానికి ఒకటైనా ఉండొద్దా? ఎల్లెల్లు, బేగి ఎల్లు. అరుపు ఆపకు."

మేం గెలవలేదు, సైన్యమే మళ్లీ గద్దెనెక్కింది. ఆ సంగతి అందరికీ తెలిసిందే, తవ్వి పోసుకోవడం నాకిష్టం లేదు. పనిలోకి రమ్మని హుకుం వచ్చింది. వెళ్లాం. మేనేజరు కుర్చీలో యూనిఫారం వేసుకున్న ఒక అధికారి కూర్చుని ఉన్నాడు. పక్క గదిలోకి ఒక్కొక్కరినే పిలిచి, సమ్మె రోజుల్లో ఎక్కడున్నావు, ఎవరితో నడిచావు అని అడుగుతున్నారు. మా గది కిటికీలు తెరిచే ఉండటంతో వాన కొట్టి సగం కార్డులు ముద్దయిపోయాయి. ఒక్కో విమానం నుంచి భాగం దింపినప్పుడు గంటలు రాసి పెట్టే చీటీలు వెతికి మళ్లీ కొత్త కార్డులు రాయమన్నారు.

నేను రాస్తున్నాను. నా పక్క బల్ల అమ్మాయిని పిలిచారు. వెళ్లింది. టిఫిన్ డబ్బా బల్ల మీదే ఉంది. ఆమె ఆ గదిలోంచి మా గదికి తిరిగి రాలేదు. నేను ఆ డబ్బా వైపు చూడకుండా రాస్తూ పోయాను.

నాలుగో రోజో ఐదో రోజో మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ వచ్చేటప్పుడే ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు, ఆ రోజు లేదు. చేతిలో నేను రాసిన కార్డు. రెండో చేతిలో రేకుబిళ్ల, ఎర్రదారం. రెండూ నా ముందు పెట్టాడు.

"దారం ముడులు ఎన్ని తల్లీ?"

"నాలుగు."

"నీ కార్డు మీద ఇమానాలెన్ని?"

చూశాను. ఒకటే. అది ఇంజిన్‌కి ఇంధనం తోసే పంపు. నాలుగు విమానాల మీద తిరిగి తిరిగి, గంటలు నిండిపోయిన పంపు. నేను ఆఖరి చీటీ ఒక్కటే చూసి రాశాను, ముందు మూడూ కూడటం మరిచిపోయాను. ముసలి పంపు నా చేతిలో పడుచు పంపయి కూర్చుంది. కుర్రాళ్లు కార్డు చూసి దాన్ని బిగించేశారు కూడా. మర్నాడు పొద్దున్నే ఆ విమానం ఉత్తరానికి వెళ్లాలి, నిండా జనంతో.

గీత కొట్టి సరిచేస్తానని కలం తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. గీత కొట్టి నీ సంతకం ఎడితే ఆ ఆపీసరేటంటాడు?"

ఏమంటాడో నాకు తెలుసు. సమ్మెలో నడిచిన పిల్ల, తిరిగొచ్చి విమానాన్ని కూల్చడానికి కార్డు మార్చింది. పొరపాటు అన్న మాట ఆ రోజుల్లో ఎవరికీ వినపడేది కాదు. ఆ టిఫిన్ డబ్బా ఇంకా పక్క బల్ల మీదే ఉంది.

"పోనీ విమానం ఎగరొచ్చని నువ్వు సంతకం పెట్టకు మావయ్యా," అన్నాను.

"నాను ఎట్టకపోతే ఇంకొకడు ఎడతాడు. కార్డు బాగున్నాది గదా! ఇమానం ఎగురుతాది. కార్డు తప్పని ఎవులో ఒకలు సెప్పాల." కాసేపు ఆ ముడులు వేలితో తడుముకుంటూ ఉన్నాడు. "లే. కార్డు అట్టుకుని నా ఎనకాల రా. నోరిప్పినావంటే సూడు."

అధికారి గదిలో ఆయన బర్మీస్‌లో మాట్లాడాడు, చాలా మర్యాదగా. "అయ్యా, పొరపాటు జరిగింది. రెండు పంపులకి నేను బిళ్లలు తారుమారుగా కట్టాను. ఈ అమ్మాయి నేను చెప్పిందే రాసింది. అది గంటలు నిండిన పంపు. దింపెయ్యాలి."

"ఇన్నేళ్ల సర్వీసులో ఎప్పుడూ చెయ్యని పొరపాటు ఇవాళే చేశావా?" అన్నాడు అధికారి. నమ్మలేదు. నా వైపు చూశాడు, నా చేతిలో కార్డు వైపు చూశాడు.

"కళ్లు కనపడటం లేదయ్యా," అన్నాడు ఆయన.

అధికారి బల్ల మీది దినపత్రిక తీసి ఆయన మీదికి విసిరాడు. "చదువు."

ఆయన పత్రిక అందుకున్నాడు. తీగతో కట్టిన కళ్లజోడు సర్దుకున్నాడు. పత్రిక తలకిందులుగా పట్టుకుని, గొంతు సవరించుకుని, గడగడా చదవడం మొదలుపెట్టాడు. దేశంలో వరి పంట బ్రహ్మాండంగా ఉందనీ, విమానాలన్నీ వేళకి నడుస్తున్నాయనీ, ప్రజలు చాలా సంతోషంగా ఉన్నారనీ ఆపకుండా చదివాడు. ఎలా పట్టుకున్నా అందులో ఉండేది అదే, అది వేరే సంగతి. గుమ్మంలో నిలబడ్డ జవాను నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నేను ఏడుపు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను.

అధికారి పత్రిక లాక్కున్నాడు. తర్వాత రిజిస్టరు తెప్పించి రాయించాడు. చూపు మందగించినందువల్ల భాగాన్ని గుర్తించడంలో పొరపాటు, ఇకపై షెడ్డులోకి అనుమతి లేదు. ఆయన పేరు, దాని కింద ఆయన సంతకం. సంతకం చెయ్యడానికి కూడా ఆయన కాగితం మీద చోటు తడుముకున్నాడు చూడండి, అంత చక్కగా నటించాడు.

సాయంత్రానికి పంపు దింపేశారు. ఆ విమానం ఎగరలేదు. వెళ్లే ముందు ఆయన గడ్డిలోకి వెళ్లి అత్తగారి ముక్కు మీద చెయ్యి వేశాడు. ఈసారి ఏమీ అడగలేదు. కుర్రవాళ్లు ఎప్పటిలాగే పానాలు పట్టుకుని వెనక నిలబడ్డారు. మళ్లీ ఆయన ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు.

తర్వాత పజుండౌంగ్ కాలువ పక్క ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్లు, రేడియోలు బాగుచేస్తూ కూర్చున్నాడు. నేను ఆదివారం ఆదివారం వెళ్లేదాన్ని. మొదటిసారి వెళ్లినప్పుడు అత్తయ్య సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతోంది. ఆయన దాన్ని లాక్కుని, మసక వెలుతురులో, ఒక్క దెబ్బకి ఎక్కించి ఇచ్చాడు.

"కళ్లు కనపడవుగా మావయ్యా?" అన్నాను.

"గవుర్మెంటుకి కనపడవు. మీ అత్తకి కనపడతాయి," అన్నాడు. ముగ్గురం నవ్వాం. నాకు నవ్వులోనే ఏడుపొచ్చింది. వెళ్లి నిజం చెప్పేస్తానన్నాను. ఆయనకి మొదటిసారి కోపం వచ్చింది.

"సెప్పి ఏటి సేస్తావు? దింపీసిన పంపుని మళ్లీ ఎక్కిస్తావా? నీకు ఇంకా బోలెడు గంటలున్నాయే. నాయి అయిపోతన్నాయి. ఈ సంగతి ఒగ్గీ."

అంతలోనే ఆకాశంలో విమానం మోత. ఆయన చేతిలోని రేడియో పక్కన పెట్టి, తల ఒక పక్కకి వంచి, మోత సన్నగిల్లేదాకా విన్నాడు. "కుడి ఇంజిన్ కొంచెం గరగరమంతంది," అన్నాడు. "కుర్రోళ్లకి ఎవులైనా సెప్తే బాగున్ను." చెప్పడానికి ఆయన వెళ్లకూడదు. సోమవారం నేను వెళ్లి చెప్పాను. విప్పి చూస్తే నిజమే. ఇలా ఎన్నిసార్లో. ఆ ముందు గదిలో కూర్చుని ఉండే, ఆయన ఆ విమానాల్ని ఇంకో ఏడేళ్లు ఎగరనిచ్చాడు. ఆ తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం, రేడియో విప్పి ముందేసుకుని, కుర్చీలోనే పోయాడు. పోకముందు ఎప్పుడో నాకు ఆ రేకుబిళ్ల ఇచ్చాడు. "దాసుకో. కాగితం కంటే గట్టిది," అన్నాడు.

మొదట భయపడి చెప్పలేదు. తర్వాత ఉద్యోగం, పిల్లలు. ఆ తర్వాత చెప్పకపోవడమే అలవాటైపోయింది. సిగ్గుగానే ఉంది, ఏం దాస్తాను?

రెండు రోజుల తర్వాత మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. దారం కథ మొత్తం అడిగి చెప్పించుకున్నాడు. నేనూ అన్నీ చెప్పాను, తప్పు ఎవరిదో తప్ప. చివర్లో అడిగాను, "ఒరే, మీ కంప్యూటర్లో ఎవరైనా గంటలు తప్పు రాస్తే ఏం చేస్తారు?"

"చెరపనివ్వదు పెద్దమ్మా. పాతది అలాగే కనపడుతుంది. పక్కన సరైనది రాసి, ఎవరు రాశారో పేరు పెట్టాలి. ఎన్నేళ్ల తర్వాతైనా సరే."

"ఎన్నేళ్ల తర్వాతైనానా?"

"ఎన్నేళ్ల తర్వాతైనా. ఏం, పెద్దమ్మా?"

ఏమీ లేదులే అన్నాను. ఫోన్ పెట్టేసి బీరువాలోంచి బిళ్ల తీశాను. దారం రంగు వెలిసింది గానీ ముడులు నాలుగూ అలాగే ఉన్నాయి.

ఆ రిజిస్టరు ఇప్పుడు ఎక్కడుందో, ఏ చెదలు తిన్నాయో నాకు తెలియదు. అయినా ఇక్కణ్ణుంచే దాని మీద ఒక్క గీత కొడుతున్నాను. 'చూపు మందగించినందువల్ల' అన్న మాట కింద కనపడుతూనే ఉంటుంది, ఉండనీండి. పక్కన ఇలా రాస్తున్నాను: ఆయన చూపుకి ఏ లోపమూ లేదు. ఆ పొరపాటు రికార్డుల గదిలో రెండో బల్ల దగ్గర కూర్చున్న నాది. ఈ పేజీ మీద ఉన్న సంతకం కూడా నాదే.